పట్టాదారు గడిలో ఒకే పేరు: న్యూ లానార్క్ మిల్లు ఊరు, అక్కడి వృత్తులు

సభకు నమస్కారం.

స్థానిక చరిత్ర మీద నెలనెలా జరిగే ఈ ఉపన్యాసాల్లో ఇంతవరకు మన చుట్టుపక్కల ఊళ్ళ సంగతులే విన్నాం. ఈసారి కొంచెం దూరం వెళ్దామని నిర్వాహకులను అడిగి ఒప్పించాను. అయితే వెళ్ళే దారి మాత్రం మనకు తెలిసినదే. పల్లెలో పొలం తగాదా వస్తే ముందుగా తీసేది పహాణీ, కోస్తా వైపైతే అడంగల్. అందులో పట్టాదారు పేరుకు ఒక గడి, అనుభవదారు పేరుకు మరో గడి ఉంటాయి. రెండు గడుల్లోనూ ఒకే పేరుంటే ఆ ఇంటివాళ్ళు నిశ్చింతగా నిద్రపోతారు. వేర్వేరు పేర్లుంటే కథ మొదలైనట్టే. స్కాట్లాండులోని ఒక నూలు మిల్లు ఊరిని ఈ రెండు గడుల లోంచి చూడాలన్నదే ఈనాటి నా ప్రయత్నం.

అక్కడా ఇలాంటి దస్తావేజులు రెండున్నాయి. ఒకటి పదేళ్ళకోసారి జరిగే జనాభా లెక్క. 1841 నుంచి అందులో ఇంటింటి మనుషుల పేర్లు, వయసులు, వారు చేసే పని రాశారు. రెండోది వాల్యుయేషన్ రోల్. 1854లో చేసిన చట్టం ప్రకారం 1855 నుంచి స్కాట్లాండులోని ప్రతి ఇంటికీ, కొట్టుకూ, పొలానికీ యజమాని ఎవరు, అద్దెదారు ఎవరు, అందులో ఉంటున్నది ఎవరు, ఏడాదికి ఎంత అద్దె పలుకుతుంది అన్న వివరాలు అందులోకి ఎక్కాయి. అయితే చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. ఏడాది అద్దె నాలుగు పౌండ్లలోపు ఉన్న ఇళ్ళలో ఉండేవాళ్ళ పేర్లు రాయనక్కర్లేదు. మిల్లు కూలీల గదులు చాలావరకు ఆ లెక్క కిందకే వస్తాయి. కాబట్టి మిల్లు ఊరి గురించి వెతికేవాడికి జనాభా లెక్కలో ఆస్తి లేని వృత్తులు కనిపిస్తాయి, వాల్యుయేషన్ రోల్‌లో వృత్తి ఊసు లేని ఆస్తి కనిపిస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే తప్ప ఊరు అర్థం కాదు.

నేను చెప్పబోయే ఊరు న్యూ లానార్క్. గ్లాస్గో నగరానికి ఆగ్నేయంగా, క్లైడ్ నది జలపాతాలు దూకే ఇరుకు లోయలో, నీళ్ళ పక్కనే ఉంటుంది. పైనున్న రోడ్డు మీద నుంచి చూస్తే ముందు పలకరాతి కప్పులే కనబడతాయి. అక్కడి నుంచి నడుచుకుంటూ దిగిపోవాలి. కింద నది ఒడ్డున వరుసగా మిల్లులు, వాటి వెనక ఎత్తుగా రాతి ఇళ్ళ వరుసలు. నది నీటిని కొండరాయి తొలిచిన సొరంగం గుండా మళ్ళించి, మిల్లు చక్రాల మీదికి వదిలారు. ఊరు అక్కడ ఎందుకు పుట్టిందంటే ఆ నీటి కోసమే పుట్టింది. 1785కు ముందు అక్కడ చెప్పుకోదగ్గ ఊరే లేదు.

ఆ నేల సంగతితో మొదలుపెడదాం. మిల్లు కట్టిన డేవిడ్ డేల్ ఆ నేలను మనం అనుకునే పద్ధతిలో కొనలేదు. లార్డ్ బ్రాక్స్‌ఫీల్డ్ అనే పెద్ద న్యాయమూర్తి దగ్గర ‘ఫ్యూ’ పద్ధతిలో తీసుకున్నాడు. ఫ్యూ అంటే మన శాశ్వత కౌలుకు దగ్గరగా ఉండే హక్కు. తీసుకున్నవాడు అనుభవించవచ్చు, కట్టుకోవచ్చు, అమ్ముకోవచ్చు, పిల్లలకు ఇచ్చుకోవచ్చు. కాని ఏటా పైవాడికి కట్టుబడి చెల్లించాలి, అతడు పెట్టిన షరతులు పాటించాలి. అంటే యజమానికి పైన ఇంకో యజమాని, అతడి పైన మరొకరు, అలా చివరకు రాజు. జమీందారీ కాలపు మెట్లు గుర్తున్నవారికి ఇది వింతగా తోచదు. అక్కడ ఆ పద్ధతి చట్టరీత్యా రద్దయినది 2004 నవంబరు 28న. మనకు జమీందారీలు పోయిన అర్ధ శతాబ్దం తరవాత! ఈ తేదీ మొదటిసారి చూసినప్పుడు అచ్చుతప్పేమోనని రెండు మూడు చోట్ల సరిచూసుకున్నాను. బ్రాక్స్‌ఫీల్డ్ పేరు ఇప్పటికీ ఆ ఊళ్ళో ఒక ఇళ్ళ వరుసకు నిలిచి ఉంది.

డేల్ ఎవరు? కిరాణా కొట్టు నడిపే తండ్రికి 1739లో పుట్టాడు. చిన్నప్పుడు పశువులు కాశాడు, పెయిస్లీలో నేతపని నేర్చుకున్నాడు, ఊరూరా తిరిగి నూలు కొని అమ్మాడు, చివరకు గ్లాస్గోలో పెద్ద నూలు వర్తకుడయ్యాడు. వ్యాపారం మొదలుపెట్టిన రోజుల్లో ఏడాదికి అయిదు పౌండ్ల అద్దెకు కొట్టు తీసుకుని, అది కూడా ఎక్కువేననిపించి, సగం కొట్టును ఒక గడియారాల పనివాడికి మళ్ళీ అద్దెకిచ్చాడని చెబుతారు. ఆ ఇద్దరూ ఒకే కప్పు కింద ఉండటం నాకు ముచ్చటగా అనిపిస్తుంది, ఎందుకంటే తరవాత వచ్చిన మిల్లుకు కావలసింది సరిగ్గా ఆ రెండు విద్యలే. నూలు వడికే యంత్రానికి పేరుమోసిన రిచర్డ్ ఆర్క్‌రైట్ స్వయంగా మంగలి, సవరాలు కట్టే పనివాడు. యంత్రం పని చేసిపెట్టిన జాన్ కే గడియారాల పనివాడు. ఇంగ్లండులోని క్రామ్‌ఫర్డ్‌లో ఆర్క్‌రైట్ మిల్లు పెడుతూ 1771లో పత్రికలో వేయించిన ప్రకటనలో పళ్ళచక్రాల పని తెలిసిన గడియారాల పనివాళ్ళు కావాలని అడిగాడు. వడ్రంగి చట్రం చేస్తాడు, కమ్మరి ఇరుసు కొడతాడు, కాని వందల కదుర్లు ఒక్క లెక్కన తిరగాలంటే చక్రం పళ్ళు వెంట్రుక వాసి తేడా రాకూడదు. ఆ ఓపిక, ఆ కొలత గడియారాలు చేసేవాళ్ళ చేతిలో ఉంది.

అదే ఆర్క్‌రైట్‌ను డేల్ 1784లో ఈ జలపాతాల దగ్గరకు తీసుకొచ్చి చోటు చూపించాడు. మొదట ఇద్దరూ భాగస్వాములు, కాని ఆ పొత్తు ఎంతో కాలం నిలవలేదు. 1786లో మొదటి మిల్లులో నూలు వడకడం మొదలైంది. 1788లో ఆ మిల్లు కాలిపోతే మరుసటి ఏడే మళ్ళీ కట్టారు. 1793 నాటికి నాలుగు మిల్లులు లేచాయి, 1,157 మంది పనిచేస్తున్నారు. వారిలో ఎక్కువమంది పిల్లలు.

ఇంతమంది ఎక్కడి నుంచి వచ్చారు? మైలున్నర దూరంలో పాత లానార్క్ పట్టణం ఉంది. దానిది వందల ఏళ్ళ చరిత్ర, రాజు ఇచ్చిన హోదా. స్కాట్లాండులోని అలాంటి పట్టణాల్లో కమ్మరులు, దర్జీలు, నేతపనివారు, చెప్పులు కుట్టేవారు, తోళ్ళ పనివారు తమ తమ వృత్తి సంఘాలు కట్టుకుని ఉండేవారు. సంఘంలో సభ్యత్వం లేనివాడు పట్టణంలో ఆ పని చేయకూడదు. ఈ హక్కు 1846లో చట్టం చేసి తీసేసేదాకా సాగింది. అలాంటి పట్టణంలో తన పేరున కొట్టు, తన పేరున కొలిమి ఉన్నవాడు మిల్లు గంట కొట్టగానే పరుగెత్తే బతుకు కోరుకోడు. అందుకని డేల్ దూరంగా ఉన్నవాళ్ళను వెతికాడు. ఉత్తరాది కొండసీమల్లో గొర్రెల పెంపకం కోసం భూస్వాములు ఖాళీ చేయించిన కౌలుదారులు వచ్చారు. 1791లో స్కై ద్వీపం నుంచి అమెరికాకు బయలుదేరిన వలసదారుల ఓడను తుఫాను గ్రీనక్ రేవుకు తరిమికొడితే, వారిలో చాలామందికి డేల్ పని, ఇల్లు ఇస్తానన్నాడు. ఊళ్ళో ఒక ఇళ్ళ వరుసకు నిలిచిన కెయిత్‌నెస్ అన్న ఉత్తరాది సీమ పేరు ఇలాంటి కుటుంబాల గుర్తు. ఇక ఎడింబరో, గ్లాస్గో అనాథాశ్రమాల పిల్లలు. 1800 నాటికి వారు సుమారు 500 మంది. వారికి తిండి, బట్ట, పడక, సాయంత్రం బడి మిల్లువే. జీతం లేదు. ఆ కాలపు మిగతా మిల్లులతో పోలిస్తే డేల్ పిల్లలను బాగా చూశాడని నాటి సందర్శకులే రాశారు, నేనూ కాదనను. అయినా ఆరేడేళ్ళ పిల్ల ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకా మిల్లులో నిలబడిందన్న మాట కూడా అబద్ధం కాదు.

ఇక్కడ మన వైపు నుంచి రెండు దారాలు ఆ ఊరి దాకా వెళ్ళాయి. ఆ రోజుల్లో గ్లాస్గో చుట్టుపక్కల మగ్గాల మీద ‘పులికేట్’ అనే గళ్ళ రుమాళ్ళు నేసేవారు. ఆ పేరు మన నెల్లూరు సీమను ఆనుకుని ఉన్న పులికాట్ నుంచి వచ్చింది. అక్కడి రేవు నుంచి ఓడలెక్కిన తీరాంధ్ర, తమిళ నేతగాళ్ళ రుమాళ్ళకు అవి నకళ్ళు. నకలుకు అసలు ఊరి పేరే పెట్టుకున్నారు! రెండోది ఎరుపు. బందరు, నిజాంపట్నం వైపు చిరివేరుతో అద్దిన, ఎన్ని ఉతుకులకూ దిగని ఎరుపు కోసం యూరప్ చాలాకాలం తపించింది. డేల్ 1785లో జార్జ్ మాకింటాష్‌తో కలిసి, ఫ్రాన్సు నుంచి పాపియోన్ అనే రంగుల పనివాణ్ణి రప్పించి, గ్లాస్గో పక్కన డాల్‌మార్నక్‌లో మంజిష్ఠ జాతి వేరుతో ఎర్ర రంగు అద్దకం పెట్టాడు. మిల్లు నూలు, నకలు రుమాలు, గట్టి ఎరుపు, మూడూ ఒకే దశాబ్దంలో ఒకే ప్రాంతంలో కలిశాయి. మన తీరపు మగ్గాలు తరవాతి యాభై ఏళ్ళలో ఏమయ్యాయో ఈ సభలో కూర్చున్న పెద్దలకు నేను చెప్పనక్కర్లేదు.

అసలు విషయానికి, అంటే ఊరి అమ్మకాలకు వస్తాను. 1799లో డేల్ ఈ ఊరిని అమ్మాడు. ‘మిల్లును’ అనకుండా ‘ఊరిని’ అని కావాలనే అంటున్నాను. కొన్నవారు మాంచెస్టర్ వర్తకులు కొందరు, వారి తరఫున నడిపించవలసినవాడు రాబర్ట్ ఓవెన్. వేల్స్‌లో జీనులు కుట్టి, ఇనప సామాను అమ్మే వ్యక్తి కొడుకు. బట్టల కొట్లో గుమాస్తాగా మొదలై, ఇరవై ఏళ్ళకే మాంచెస్టర్‌లో పెద్ద మిల్లుకు మేనేజరయ్యాడు. అదే ఏడు డేల్ కూతురు కారొలిన్‌ను పెళ్ళాడాడు. ధర 60,000 పౌండ్లు, ఏడాదికి 3,000 చొప్పున ఇరవై ఏళ్ళలో తీర్చే ఒప్పందం. ఆ ధరలో యంత్రాలు, గోదాములు, నీటికాలువ, పొలం, తోట, అప్పటికే పదిహేను వందలు దాటిన జనం కాపురముంటున్న ఇళ్ళు, అన్నీ కలిసి ఉన్నాయి. 1800 జనవరిలో ఓవెన్ పగ్గాలు చేపట్టాడు. పదేళ్ళ తరవాత భాగస్వాములు మారి ఊరు 84,000 పౌండ్లకు చేతులు మారింది.

మూడో అమ్మకం వేలంపాట. బడి మీదా, కూలీల ఇళ్ళ మీదా ఓవెన్ డబ్బు తగలేస్తున్నాడని రెండో విడత భాగస్వాములకు కోపం వచ్చింది. 1813 చివరి రోజుల్లో గ్లాస్గోలో ఊరిని వేలానికి పెట్టారు. ఓవెన్‌ను తప్పించి తక్కువకు తామే పాడుకోవాలన్నది వారి లెక్క. ఈలోగా ఓవెన్ లండన్ వెళ్ళి కొత్త భాగస్వాములను కూర్చుకుని వచ్చాడు. వారిలో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖకు చెందిన విలియం అలెన్, జాన్ వాకర్ ఉన్నారు, తత్త్వవేత్త జెరమీ బెంథామ్ కూడా ఉన్నాడు. మొత్తం పదమూడు వాటాలు, వాటా 10,000 పౌండ్లు. ఓవెన్‌వి అయిదు, వాకర్‌వి మూడు, మిగిలిన అయిదుగురికి తలా ఒకటి. పెట్టుబడి మీద నూటికి అయిదు చొప్పున తీసుకుని, పైన మిగిలింది బడికీ ఊరి మంచికీ పెట్టాలని షరతు. పాట రోజున ఓవెన్ తన తరఫు మనిషికి ఒకే మాట చెప్పాడట: అవతలివాడు ఎంత అన్నా దాని మీద వంద పౌండ్లు వెయ్యి, అంతకు మించి పెంచవద్దు. పాత భాగస్వాములు 1,14,000 దగ్గర ఆగిపోయారు. 1,14,100కు ఊరు ఓవెన్‌దైంది. ఇవన్నీ ఓవెన్ ముసలితనంలో రాసుకున్న ఆత్మకథలోని వివరాలు. తన కథ తానే చెప్పుకునేవాడు తనను తాను ఓడించుకోడు గదా, అందుకని నేను కాస్త జాగ్రత్తగానే చదువుతాను. కాని ధర విషయంలో అనుమానం లేదు.

ఆ తరవాతి దృశ్యం చూడండి. ఓవెన్ తిరిగి వస్తుంటే కూలీలు ఎదురెళ్ళి, బండి గుర్రాలను విప్పేసి, తామే కాడి పట్టి లాగుకుంటూ ఊళ్ళోకి తీసుకొచ్చారు. వారి సంతోషం నిజమైనదే, వేరే యజమాని వస్తే ఏమవుతుందో వారికి తెలుసు. ఒకసారి అమెరికా తన రేవుల నుంచి ఎగుమతులు ఆపేసి, పత్తి దొరక్క నాలుగు నెలలు మిల్లు నిలిచిపోతే, యంత్రాలు తుడిచే పని పెట్టి అందరికీ పూర్తి కూలి ఇచ్చినవాడు ఓవెనే. కాని ఆ బండి లాగినవాళ్ళు ఆ వారంలో తాము పడుకునే గదితో సహా 1,14,100 పౌండ్లకు చేతులు మారారు. వేలంపాటలో వారి తరఫున ఎవరూ పాడలేదు. పాడే హక్కు ఉందని వారికిగాని, ఓవెన్‌కుగాని తోచి కూడా ఉండదు.

ఇప్పుడు వృత్తుల సంగతి. బయటి నుంచి చూస్తే ఇది ‘నూలు ఊరు’. లోపలికి వెళ్తే ఎన్ని రకాల పనులో! పత్తి బేళ్ళు విప్పి గింజ, నలక ఏరేవాళ్ళు, పత్తిని దువ్వే కార్డింగ్ యంత్రాల దగ్గరివాళ్ళు, ఏకుతీసేవాళ్ళు, వడికేవాళ్ళు, తెగిన పోగు అతికే పిల్లలు, చిలపలు చుట్టే ఆడవాళ్ళు. ఇదంతా ఒక ఎత్తు. ఈ పనుల్లో ఎక్కువ భాగం స్త్రీలు, పిల్లలే చేసేవారు, ఎందుకంటే నీటి చక్రంతో తిరిగే చట్రం దగ్గర బలం అవసరం లేదు. మరి మగవాళ్ళు? తాపీపనివారు, వడ్రంగులు, కమ్మరులు, పోతపనివారు, తరిణి (లేత్) పట్టేవారు, మిల్లు చక్రాలు నిలబెట్టే మిల్‌రైట్లు. యంత్రాలన్నీ అక్కడే తయారయ్యేవి, అక్కడే బాగయ్యేవి. ఇరవై నాలుగు గంటలూ నీటిలో నానే చెక్కచక్రం, రోజంతా ఒరుసుకునే ఇరుసులు, తోలు పట్టీలు ఊరికే ఉండవు, ఏదో ఒకటి విరుగుతూనే ఉంటుంది. మెకానిక్కుల షాపు లేకపోతే మిల్లు వారం రోజులు నడవదు.

మన పాత ఊళ్ళలోనూ కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి ఉండేవారు. వారి బతుకు సుఖమని నేననను, కులం కట్టిన గోడలు తెలియనివి కావు. కాని కమ్మరి కొలిమి కమ్మరిది, వడ్రంగి బాడిత వడ్రంగిది. పంట నూర్చిన కళ్ళంలో అతడికి మేర వచ్చేది, ఆ మేర ఒక్క రైతు చేతిలో లేదు, ఊరందరి చేతిలో ఉంది. న్యూ లానార్క్ కమ్మరికి కొలిమి మిల్లుది, బొగ్గు మిల్లుది, ఇల్లు మిల్లుది, అతడు చేసే పనికి గిరాకీదారు కూడా మిల్లొక్కటే. పని పోతే కూలి మాత్రమే పోదు, అదే రోజు గడప కూడా పోతుంది. వృత్తి ఉంది, వృత్తిదారు లేడు. ఈ ఊరి ప్రత్యేకత ఏమిటని ఎవరైనా అడిగితే నేను బడి పేరు చెప్పను, ఈ సంగతే చెబుతాను.

కొట్టు సంగతి ఇంకా ఆసక్తికరం. ఓవెన్ రాకముందు ఊళ్ళో చిల్లర దుకాణాలు ఉండేవి, నాసిరకం సరుకు అప్పు మీద అధిక ధరకు అమ్మేవి. ఓవెన్ వాటి స్థానంలో మిల్లు తరఫున ఒక పెద్ద కొట్టు పెట్టాడు. పిండి, మాంసం, బొగ్గు, బట్ట, చివరకు విస్కీ కూడా టోకున కొని, మంచి సరుకు తక్కువ ధరకు అమ్మించాడు. ఇంటి ఖర్చులో నాలుగో వంతు ఆదా అయిందని అతని లెక్క. లాభం బడికి పెట్టారు. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ నేతపనివారు సహకార దుకాణం తెరిచినప్పుడు ఓవెన్ ఆలోచనలు వారికి స్ఫూర్తి అని సహకారోద్యమ చరిత్రలన్నీ రాస్తాయి. ఒక తేడా మాత్రం మరచిపోతాయి: రాచ్‌డేల్ కొట్టు కొనుగోలుదారులది, న్యూ లానార్క్ కొట్టు మిల్లుది.

చిల్లర నాణేల కరువు రోజుల్లో ఇక్కడ స్పెయిన్ వెండి డాలర్ల మీద ‘లానార్క్ మిల్స్, అయిదు షిల్లింగులు’ అని గుండ్రటి ముద్ర కొట్టి చలామణీ చేశారు. ఆ నాణెం బొమ్మ తెర మీద చూస్తున్నారు. మెక్సికో వెండి గనుల్లో పుట్టి, స్పెయిన్ రాజు బొమ్మ వేయించుకుని, సముద్రం దాటి వచ్చి, ఒక నూలు మిల్లు పేరు నెత్తిన పెట్టుకుంది. కూలి మిల్లు ఇస్తుంది, అద్దె మిల్లుకు చేరుతుంది, సరుకు మిల్లు కొట్లో దొరుకుతుంది. కూలిని నాణెం రూపంలోనే ఇవ్వాలి, సరుకు రూపంలో ఇవ్వకూడదని పార్లమెంటు శాసించింది 1831లో. న్యాయంగా చెప్పాలంటే ఓవెన్ కొట్టు మోసం చేయలేదు. మోసగాడి కొట్టుకూ ఓవెన్ కొట్టుకూ మధ్య అడ్డుగా నిలిచింది ఓవెన్ మంచితనం ఒక్కటే.

పని దగ్గర అతడు పెట్టించిన ‘మౌన పర్యవేక్షకుడు’ చాలామంది వినే ఉంటారు. రెండంగుళాల పొడవున్న చెక్కముక్క, నాలుగు ముఖాలకు నాలుగు రంగులు. నిన్న పని చెడ్డగా చేస్తే నలుపు, ఫర్వాలేదనిపిస్తే నీలం, బాగుంటే పసుపు, శ్రేష్ఠంగా ఉంటే తెలుపు ముఖం బయటికి తిప్పి పనివాడి దగ్గర వేలాడదీస్తారు. తిట్టు లేదు, దెబ్బ లేదు. నేను ఆ ముక్కను అద్దాల పెట్టెలో చూశాను. అగ్గిపెట్టె కన్నా చిన్నది, కాని అది ఎదురుగా వేలాడుతుంటే నా చేతులు ఎలా ఆడేవో ఊహించుకుని కాసేపు అక్కడే నిలబడిపోయాను. ఇళ్ళ శుభ్రత చూడటానికి కూడా తనిఖీ బృందం వచ్చేది. ఊళ్ళో ఆడవాళ్ళు వారికి ‘నల్లుల వేటగాళ్ళు’ అని పేరు పెట్టి, కొందరు మొహం మీదే తలుపు వేసుకున్నారు. ఆ ఊళ్ళో సొంతదనం చూపించుకోవడానికి వారికి మిగిలింది ఆ తలుపు గడియే.

ఇవన్నీ చెప్పి బడి గురించి చెప్పకపోతే అన్యాయం. 1816 జనవరి 1న తెరిచిన విద్యాలయంలో నడక వచ్చిన పిల్లల నుంచి పెద్దల దాకా పాఠాలు, పాటలు, నాట్యం ఉండేవి. పదేళ్ళలోపు పిల్లలను మిల్లులోకి రానివ్వలేదు. పనిగంటలు 10 గంటల 45 నిమిషాలకు తగ్గాయి. జబ్బు చేసినప్పటి కోసం ప్రతివాడి కూలిలో అరవయ్యో వంతు నిధికి చేరేది.

1825 నాటికి ఓవెన్ అమెరికాలో ఆదర్శ గ్రామం కట్టడానికి వెళ్ళిపోయాడు. ఊరు వాకర్ కుటుంబానికి దక్కింది, 1881 దాకా వారిదే. వాల్యుయేషన్ రోళ్ళు మొదలైంది వీరి కాలంలోనే. మిల్లులు, కొట్టు, బడి, వరుస వరుసకూ ఇళ్ళు, ఎన్నున్నా యజమాని గడిలోకి ఎక్కవలసిన పేరు వాకర్లదే. జనాభా లెక్క కాగితాల్లోనేమో వడికేవాళ్ళు, మెకానిక్కులు, తాపీపనివారు, దర్జీలు. అమెరికా అంతర్యుద్ధంలో పత్తి రాక బ్రిటన్ మిల్లులన్నీ తల్లడిల్లినప్పుడు మన కృష్ణా, గుంటూరు పత్తికి గిరాకీ పెరిగింది. కాకినాడ రేవు పేరుతోనే ‘కొకనాడాస్’ అన్న రకం విదేశీ సంతల్లో చలామణీ అయింది.

1881లో ఊరు మళ్ళీ అమ్ముడుపోయింది, ఈసారి తాళ్ళు, వలలు చేసే గౌరక్ కంపెనీవాళ్ళకు. 1898లో జలపాతపు నీటితో మిల్లు తన కరెంటు తానే తీసి, ఇళ్ళకు కూడా ఉచితంగా ఇచ్చింది. గదికో బల్బు. రాత్రి పదింటికి, శనివారమైతే పదకొండింటికి మిల్లు దగ్గర మీట కట్టేస్తే ఊరంతా చీకటి. ఆ పద్ధతి 1955 దాకా నడిచింది.

1968లో మిల్లు మూతపడింది. మిల్లులు పాత ఇనుము కొనే కంపెనీ చేతికి వెళ్ళి, శిథిలమై, 1983లో నిర్బంధ కొనుగోలు ద్వారా బయటపడ్డాయి. 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలమైంది. ఇళ్ళను మాత్రం అంతకు ముందే, 1963లో ఏర్పడిన ఒక గృహ సంఘం కెయిత్‌నెస్ వరుస నుంచి మొదలుపెట్టి బాగుచేస్తూ వచ్చింది. ఇప్పుడు అక్కడ కాపురాలున్నాయి, కిటికీల్లో పూలకుండీలున్నాయి. చాలా ఇళ్ళు అద్దెవే. కాని కొన్నింటిని అందులో ఉండేవాళ్ళే కొనుక్కున్నారు. ఆ కొన్నింటి విషయంలో పట్టాదారు గడిలోనూ, అనుభవదారు గడిలోనూ ఒకే పేరు రాసుకోవచ్చు.